చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? బిల్లు కట్టే ముందు కారు ఏం చెబుతోందో చదవండి

హిందూపురంలో బయల్దేరి బెంగళూరు వెళ్తున్నారు. మధ్యలో మీటర్ బోర్డుపై పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ వెలిగింది. కారు మాత్రం మామూలుగానే నడుస్తోంది. మెకానిక్‌కు చూపిస్తే ఒకరు సెన్సర్ పోయిందంటారు, మరొకరు పెట్రోల్ కల్తీ అంటారు. ఎవరి మాట నమ్మాలి? ఎంత ఖర్చు పెట్టాలి? ఈ ప్రశ్నకు సగం జవాబు మీ కారులోనే ఉంది. దాన్ని చదవడానికి కావాల్సింది చిన్న స్కానర్, మీ చేతిలోని ఫోన్.

ఏమిటీ ఓబీడీ?

ఓబీడీ అంటే ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) తన సెన్సర్లను ఎప్పటికప్పుడు గమనిస్తుంది. ఏదైనా లెక్క తప్పితే దానికో కోడ్ రాసి దాచుకుంటుంది, లైటు వెలిగిస్తుంది. ఇది మొదట మెకానిక్‌ల సౌకర్యం కోసం కాదు, పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి వచ్చిన నిబంధన. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నింటికీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో బీఎస్-4 కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చింది. బీఎస్-4 దేశమంతటా అమలైంది 2017 ఏప్రిల్ 1న, బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 రెండో దశ కింద ఈ నిఘా ఇంకా కఠినమైంది.

అంటే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి తయారవుతున్న కియా కార్లయినా, ధర్మవరం వీధుల్లో తిరిగే ఏడెనిమిదేళ్ల నాటి ఇతర కంపెనీల కార్లయినా ఇంజిన్ విషయంలో మాట్లాడే ప్రాథమిక భాష ఒక్కటే.

ఎలా వాడాలి?

స్టీరింగ్ కింద, డ్యాష్‌బోర్డు అడుగున 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. కొన్ని కార్లలో దానికి చిన్న మూత ఉంటుంది. ఈఎల్‌ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్లు ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. ఐఫోన్ వాడేవారు తమ ఫోన్‌కు పనిచేస్తుందో లేదో చూసుకుని కొనాలి.

1. ఇంజిన్ ఆపి అడాప్టర్‌ను సాకెట్‌లో పెట్టండి.
2. ఇగ్నిషన్ ఆన్ చేయండి. ఫోన్‌లో బ్లూటూత్ కలపండి.
3. టార్క్, కార్ స్కానర్ వంటి యాప్ తెరిచి ఫాల్ట్ కోడ్స్ చదవండి.
4. కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను కూడా స్క్రీన్‌షాట్ తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత అన్నది అందులో ఉంటుంది.

పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. అలాగే వదిలేస్తే, రోజుల తరబడి కదలని కారులో బ్యాటరీ దిగిపోవచ్చు. కారు నడుపుతూ ఫోన్ చూడొద్దు. ఆ పని పక్క సీట్లో ఉన్నవారికి అప్పగించండి.

కోడ్ చిరునామా చెబుతుంది, దోషిని కాదు

కోడ్ మొదటి అక్షరం పి అయితే ఇంజిన్, గేర్ల వ్యవస్థ. సి అయితే బ్రేకులు, స్టీరింగ్ వంటివి. బి అయితే బాడీ, యు అయితే కంప్యూటర్ల మధ్య సమాచార లోపం. తర్వాత అంకె సున్నా అయితే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్.

జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కోడ్‌లో ఏ పేరు కనిపిస్తే ఆ పార్టు మార్చేస్తారు. ఉదాహరణకు పి0171 అంటే ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అని. కారణం చీలిన రబ్బరు గొట్టం కావచ్చు, దుమ్ము పట్టిన గాలి సెన్సర్ కావచ్చు, నీరసించిన ఫ్యూయల్ పంపు కావచ్చు. వందల్లో పోయేదీ, వేలల్లో పోయేదీ ఒకే కోడ్ కింద ఉన్నాయి.

పి0420 మరీ ఖరీదైన కోడ్. పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని దాని అర్థం. కానీ సైలెన్సర్ గొట్టంలో లీకున్నా, ఆక్సిజన్ సెన్సర్ పాడైనా ఇదే కోడ్ రావచ్చు. అవి చూడకుండా కన్వర్టర్ మార్చడానికి ఒప్పుకోవద్దు.

కొన్నిసార్లు పరీక్ష చాలా సులువు. పి0301 అంటే ఒకటో సిలిండర్ సరిగా మండటం లేదని. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న పెట్రోల్ కార్లలో, ఒకటో సిలిండర్ కాయిల్‌ను మూడోదానికి మార్చి చూడమనండి. కోడ్ పి0303గా మారితే తప్పు కాయిల్‌దే. మారకపోతే స్పార్క్ ప్లగ్, ఇంజెక్టర్ చూడాలి. కొత్త పార్టు కొనకుండానే సగం సంగతి తేలిపోతుంది.

లైటు లేకున్నా చూడాల్సిన అంకెలు

కూలెంట్ వేడి: ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక చాలా కార్లలో సుమారు 85 నుంచి 105 డిగ్రీల మధ్య ఉంటుంది. వేసవిలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఆగకుండా పెరుగుతూ పోతుంటే రేడియేటర్ ఫ్యాన్, కూలెంట్ చూపించండి. చాలాసేపు నడిపినా వేడెక్కకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో. మైలేజీ తగ్గడానికి అదీ ఒక కారణమే.

బ్యాటరీ వోల్టేజీ: ఇంజిన్ ఆపి కొంతసేపయ్యాక 12.4 నుంచి 12.7, నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 వోల్టులు. బ్యాటరీ బలహీనమైతే ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు గుంపుగా వస్తాయి. ముందు దాన్ని సరిచేయండి.

ఫ్యూయల్ ట్రిమ్: పెట్రోల్ కార్లలో ఇది ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటే మంచిది. ఎప్పుడూ అంతకు మించి ఉంటే లోపం మొదలైందనే గుర్తు.

ఎప్పుడు ఆగాలి?

పసుపు లైటు స్థిరంగా వెలుగుతూ కారు బాగానే నడుస్తుంటే నెమ్మదిగా ఇంటికి చేరి స్కాన్ చేసుకోవచ్చు. అదే లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా పక్కన ఆపాలి. మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. ఎర్ర రంగులో ఆయిల్ లేదా వేడి గుర్తు వస్తే స్కానర్ వెతకొద్దు. సురక్షితంగా ఆపి ఇంజిన్ కట్టేయండి. పెనుకొండ మీదుగా వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిపై ఉంటే 1033కు ఫోన్ చేయొచ్చు.

పాత కారు కొంటున్నారా?

హిందూపురం కర్ణాటక సరిహద్దు ఊరు. కేఏ నంబరు సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవారికి స్కానర్ ఎంతో పనికొస్తుంది. అమ్మేవారు ముందు రోజు కోడ్‌లు చెరిపేసి లైటు ఆర్పేసి ఉండొచ్చు. చెరిపేస్తే కారు స్వీయ పరీక్షలు కూడా మళ్లీ మొదటికి వస్తాయి. యాప్‌లో రెడీనెస్ అనే చోట చాలా పరీక్షలు పూర్తి కాలేదని కనిపిస్తే అనుమానించండి. కోడ్ చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చూపిస్తాయి. ఈ మధ్యే బ్యాటరీ తీసి పెట్టినా ఇలా కనిపించవచ్చు. అందుకే కొన్ని రోజులు నడిపాక మళ్లీ స్కాన్ చేస్తామని అడగండి. ఒప్పుకోకపోతే తొందరపడొద్దు.

కాగితాలూ చూసుకోవాలి. ఎంపరివాహన్ యాప్‌లో ఆర్సీ, ఫైనాన్స్ బాకీ, పొల్యూషన్ గడువు చూడండి. పొరుగు రాష్ట్రం బండి అయితే ఫారం 28పై ఎన్‌ఓసీ తీసుకోండి. 12 నెలలకు మించి ఇక్కడే ఉంచితే మన రాష్ట్ర నంబరు వేయించుకోవాలి.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటే చాలదా?

చాలదు. మన పీయూసీ కేంద్రాల్లో చూసేది సైలెన్సర్ నుంచి వచ్చే పొగను. కారు దాచుకున్న కోడ్‌లను కాదు. కాబట్టి లైటు వెలుగుతున్నా సర్టిఫికెట్ రావచ్చు. అయినా సర్టిఫికెట్ తప్పనిసరే. కొత్త కారుకు ఏడాది తర్వాత మొదలై, బీఎస్-4, బీఎస్-6 కార్లకు ఏడాదికోసారి తీసుకోవాలి. కాలుష్య నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం కింద రూ.10,000 వరకు జరిమానా పడొచ్చు.

మెకానిక్‌తో ఎలా మాట్లాడాలి?

స్కానర్ ఉందని మెకానిక్‌కు పాఠాలు చెప్పక్కర్లేదు. ‘అన్నా, ఈ కోడ్ వచ్చింది, ఏయే పరీక్షలు చేస్తావు?’ అని అడిగితే చాలు. అనుభవం ఉన్నవాడు శబ్దం విని, గొట్టం తడిమి చెప్పేది ఏ యాప్ చెప్పలేదు. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లకు షోరూంలో లేదా పెద్ద స్కానర్ ఉన్న షెడ్‌లో చూపించాలి.

కోడ్‌లు మీరే చెరిపేయకండి. మెకానిక్‌కు, వారంటీకి అదే సాక్ష్యం. మార్చిన పాత పార్టు అడిగి తీసుకోండి, బిల్లు తీసుకోండి. అవసరం లేని పార్టుకు డబ్బు తీసుకున్నారని తేలితే 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. అప్పుడు మీ ఫోన్‌లోని ఆ స్క్రీన్‌షాట్లు, చేతిలోని బిల్లు మీ తరఫున మాట్లాడతాయి.