గాలి దారి ఒక్కటే సాక్ష్యం కాదు

గాలులు వీచడాన్ని దివ్యఖుర్ఆన్ ఆలోచించేవారికి సూచనగా పేర్కొన్నది. ఆ గాలి ఎటునుండి వచ్చిందో లెక్కగట్టే సాధనాలు నేడు ఉన్నాయి. అమెరికా వాతావరణ సంస్థ నోవా రూపొందించిన ‘హైస్‌ప్లిట్’ వాటిలో ప్రసిద్ధమైనది. ఒక చిన్న గాలి ముద్దను ఊహించి, గాలి వేగాన్నీ దిశనూ బట్టి అది నడచివచ్చిన దారిని వెనుకకు గీస్తారు. అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు ధూళికణాల జాడ తెలుసుకొనేందుకు దీనిని వాడారు.

వేసవిలో గిద్దలూరుపై పొగ కమ్మితే ఈ గీత నల్లమల అడవి మంటలవైపు చూపవచ్చు. అయితే దానిని తీర్పుగా స్వీకరించరాదు. నిజమైన గాలి ముద్దగా నిలవదు. చెదరి ఇతర గాలులతో కలుస్తుంది. లెక్కకు తరచుగా వాడే సమాచారంలో ఒక్కో గడి వెడల్పు దాదాపు 110 కిలోమీటర్లు. మార్కాపురం, గిద్దలూరుల మధ్య దూరం అంతకన్నా తక్కువ. నల్లమల, వెలికొండల ఎత్తుపల్లాలు అందులో చదునైపోతాయి. నడచిన దూరంలో 15 నుండి 30 శాతం వరకు పొరపాటు సహజం. అంటే 500 కిలోమీటర్ల దారిలో 75 నుండి 150 కిలోమీటర్ల తేడా! పైగా గాలి ఎక్కడ నడిచిందో గీత చెప్పగలదే గాని, అక్కడ ఏమి మోసుకొన్నదో, వర్షానికి ఏమి కడిగివేయబడిందో చెప్పలేదు.

మార్కాపురం పలకల పరిశ్రమను తలచుకొంటే ఈ వివేచన ఎంత అవసరమో బోధపడుతుంది. గీత దూరపు అడవిని చూపుతున్న రోజునే, పలకరాయి కోసే కార్మికుని ఊపిరితిత్తులలోకి చేరేది పక్కనున్న యంత్రం ఎగజిమ్మిన రాతిధూళి. అందులోని సిలికా వలన వచ్చే సిలికోసిస్ నయం కాని వ్యాధి. దూరపు పొగను నిందించి దగ్గరి ధూళిని మరచితే నష్టపోయేది ఆ కుటుంబమే.

వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలని హుజురాత్ సూరా బోధిస్తున్నది. గాలి గీత కూడా ఒక వార్తయే. ఉపగ్రహ చిత్రాలతో, నేలమీది కొలతలతో, ధూళి పరీక్షతో దానిని సరిచూడాలి. ఈలోగా రాతిని నీటితో తడిపి కోయడం, సరైన మాస్కు ధరించడం, పనిబట్టలను ఇంట్లో దులపకపోవడం, ఏటా ఛాతీ పరీక్ష చేయించుకోవడం మన చేతిలోనివే. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. కార్మికుని ఊపిరి యజమానికి కూడా అమానతే.