నెలలు నిండని బిడ్డకు ఏ పాలు, ఎలా?

పుంగనూరు ఆవు పాలలో వెన్న ఎక్కువని దేశమంతా పేరు. నెలలు నిండకుండా బిడ్డ పుట్టి, బాలింతకు పాలు సరిగా పడకపోతే ఆ పాలే రెండు చుక్కలు పోద్దామని పెద్దలకు అనిపించడం సహజం. కానీ ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకన్నా సుమారు మూడింతలు, లవణాలూ ఎక్కువే. బిడ్డ ఎదగని మూత్రపిండాలు అంత భారాన్ని మోయలేవు. తల్లిపాలలోనైతే తమ కొవ్వును తామే అరిగించుకునే ఎంజైము (జీర్ణరసం) కూడా ఉంటుంది. నెలలు నిండని కాన్పులో తొలివారాల తల్లిపాలలో మాంసకృత్తులు కాస్త ఎక్కువగానే ఉంటాయి.

గర్భం 37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండనట్టే. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒక వరుసలో చేయడం సుమారు 34వ వారానికి గానీ బిడ్డకు పట్టుబడదు. అంతకుముందు పాలు పొలమారే ప్రమాదం ఉంది. అందుకే మరీ ముందు పుట్టినవాళ్లకు సన్నని గొట్టంతో నేరుగా కడుపులోకి పాలు పంపుతారు. 32 వారాలు దాటాక మింగడం కొంత వస్తుంది, చప్పరించే బలం చాలదు. అక్కడే మన ఉగ్గుగిన్నె పనికొస్తుంది. ఆస్పత్రుల్లో పాలాడై అంటారు. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని, గిన్నె కొస పెదవికి ఆనించి, చుక్కచుక్కగా పోయాలి. మింగాకే మళ్లీ పోయాలి. పాలసీసా వద్దు.

ఎన్ని పాలు? నిలకడగా ఉన్న కిలోన్నర బిడ్డకు తొలిరోజు కిలోకు 80 మిల్లీలీటర్ల లెక్కన 120. రెండు గంటలకోసారి ఇస్తే విడతకు 10, అంటే రెండు టీస్పూన్లు. బిడ్డ తీరునుబట్టి వైద్యులు దీన్ని మారుస్తారు. మొదట్లో తల్లికి చుక్కలే రావచ్చు. ఆ ముర్రుపాలే అన్నిటికన్నా విలువైనవి. తక్కువ పడితే దాతల పాలో, పొడిపాలో వైద్యులే చెబుతారు. బిడ్డ మదనపల్లెలోనో కుప్పంలోనో ఆస్పత్రిలో ఉండి, తల్లి పుంగనూరులో మంచం మీదున్నా, రాత్రిపూట కూడా మానకుండా రోజుకు 8 సార్లయినా పాలు పిండాలి. పిండకపోతే పాలు తగ్గిపోతాయి.

మరీ చిన్న బిడ్డలకు తల్లిపాలలో ఫార్టిఫైయర్ (పోషకాల పొడి) కలుపుతారు. ఐరన్ నిల్వలు చాలావరకు గర్భం చివరి మూడు నెలల్లోనే చేరతాయి గనుక ఐరన్ చుక్కలు, విటమిన్ డి కూడా రాస్తారు. తేనె, ఆముదం, గ్లూకోజు నీళ్లు పోయకండి.

ఇంటికొచ్చాక పొట్ట ఉబ్బినా, పసరు కక్కినా, విరేచనంలో నెత్తురు కనిపించినా పాలు ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. అది పేగు గోడ చచ్చుబడే జబ్బు కావచ్చు.