యాభై రూపాయల నేరం

రాజధానిలో కుక్కలకు రాజకీయం ఉన్నది, పిల్లులకు లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వీధికుక్కల విషయమై ఒక ఉత్తర్వు జారీ చేసింది. పదకొండు రోజులకే విస్తృత ధర్మాసనం దానిని సవరించింది. ఆ రోజుల్లో నగరమంతా రెండు శిబిరాలుగా చీలి వాదించుకున్నది. అదే నగరంలో, మూసిన తలుపుల వెనుక, జాతిపిల్లుల పేరిట సాగుతున్న వ్యాపారం గురించి మాత్రం గొంతెత్తేవారు అరుదు. పిల్లి వీధిన పడి కరవదు గదా!

ఒకప్పుడు పెంపుడు జీవాలు కావలసినవారు జామా మసీదు దాపున ఉన్న అంగళ్ళకు పోయేవారు. అక్కడి పంజరాలు చూడముచ్చటగా ఉండేవని అనను. కాని దారిన పోయేవాడి కంటికి అవి కనిపించేవి. ఇప్పుడు బేరం టెలిఫోనులో కుదురుతున్నది, సరుకు ఇళ్ళలో తయారవుతున్నది. ఢిల్లీలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం తమ అమ్మాయి కోసం పర్షియన్ పిల్లికూనను కొనదలచి నన్ను తోడు రమ్మన్నారు. యమున ఆవలి ఒడ్డున, మూడవ అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందుగదిలో సోఫా, దాని పక్కన శుభ్రమైన బుట్ట, అందులో దూదిపింజల వంటి మూడు కూనలు. తల్లిని చూపమంటే ఆ ఇల్లాలు ముందు ఒప్పుకోలేదు. పట్టుబట్టిన మీదట వెనుకగది తలుపు తీశారు. కిటికీ లేని ఆ గదిలో ఇనుప పంజరాలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉన్నవి. వాటిలో ఏడు ఆడపిల్లులు. బొచ్చు జడలు కట్టి, కళ్ళ నుండి నీరు కారి, ముఖాల మీద గోధుమరంగు చారలు పడినవి. మూత్రపు ఘాటుకు నిలబడలేకపోయాము.

"ఏడాదికి ఎన్ని ఈతలు?" అని అడిగాను.

"మూడు వస్తాయి భాయీసాబ్. కూనలను త్వరగా విడదీస్తే తల్లి త్వరగా ఎదకు వస్తుంది" అన్నారామె, వంట సంగతి చెప్పినంత మామూలుగా.

ఆ ఒక్క మాటలో ఈ వ్యాపార రహస్యమంతా ఉన్నది. పిల్లి గర్భం సుమారు 65 రోజులు. కూనలు పాలు తాగుతున్నంత కాలం తల్లి సాధారణంగా మళ్ళీ కట్టదు. ఎనిమిది వారాలు తల్లి వద్ద ఉండవలసిన కూనను ఐదవ వారంలోనే అమ్మితే అటు సొమ్ము చేతికి వస్తుంది, ఇటు తల్లి మరుసటి ఈతకు సిద్ధమవుతుంది. చిన్నకూనను చూసి మురిసే కొనుగోలుదారుకు ఇది తెలియదు. టీకాలు మొదలుపెట్టేదే ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య. అంతకు ముందే ఇల్లు మారిన కూనకు రక్షణ పూర్తికాదు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధి సోకితే రెండు మూడు రోజులలోనే ప్రాణం పోవచ్చు. ఆ వైరస్ మామూలు ఫినాయిలుకు లొంగదు. నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది పాటు ఇంటిలోనే నిలిచి ఉంటుంది. ఏడుస్తున్న బిడ్డను ఓదార్చడానికి వెంటనే మరొక కూనను తెచ్చేవారు దానిని కూడా పోగొట్టుకుంటున్నది అందుకే.

ఇక జాతి సంగతి. "డాల్ ఫేస్", "సెమీ పంచ్", "పంచ్ ఫేస్", "ట్రిపుల్ కోట్" అంటూ ఈ బజారు తనకు తానే ఒక శాస్త్రాన్ని కల్పించుకున్నది. ముఖం ఎంత చప్పిడిగా ఉంటే ధర అంత ఎక్కువ. ముక్కు కుదించుకుపోయిన జీవికి ఊపిరి ఆడడం కష్టమని, కన్నీటి నాళాలు వంకరపోతాయని ధరల పట్టికలో రాయరు. ఢిల్లీ ఎండ 45 డిగ్రీలు దాటే మే నెలలో ఆ ఒత్తయిన బొచ్చుతో, ఆ ముక్కుతో అది పడే అవస్థ ఊహించుకోవలసిందే. కంటికి కనిపించని చేటు మరొకటి ఉన్నది. పర్షియన్ పిల్లులలో మూత్రపిండాలలో తిత్తులు పెరిగే వంశపారంపర్య వ్యాధి ఉన్నది. తల్లిదండ్రులలో ఒక్కదానికి ఉన్నా చాలు, కూనలలో సగానికి రావచ్చు. నడివయసులో గాని బయటపడదు. అప్పటికి ఆ పిల్లి ఎన్నో ఈతలు ఈని ఉంటుంది. దీనికి కారణమైన జన్యులోపాన్ని 2004లోనే గుర్తించారు. చెంప లోపల దూదితో తుడిచి పరీక్ష చేయవచ్చు. ఆ పరీక్ష మాట ఎత్తితే ఆ ఇల్లాలు నావైపు వింతగా చూశారు. చెవులు మడిచిన స్కాటిష్ ఫోల్డ్ పిల్లులకు గిరాకీ ఇక్కడ కూడా ఉన్నది. అందరూ ముచ్చటపడే ఆ మడత నిజానికి మృదులాస్థి లోపం; అదే లోపం కాళ్ళ కీళ్ళను కూడా పీడిస్తుంది.

ఆమెను దుర్మార్గురాలని నేను అనలేను. కాలేజీకి పోయే ఇద్దరు పిల్లలు, చాలీచాలని జీతం తెచ్చే భర్త. కుట్టుమిషను కంటే ఇది నయమని ఎవరో చెప్పారట. అడ్డు చెప్పవలసినది చట్టం. ఆ చట్టమేమో ఆమె గడప వద్దనే ఆగిపోయింది.

రుక్మిణీదేవి అరండేల్ 1953లో రాజ్యసభలో జీవహింస నివారణకు అనధికార బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే శాసనం తెస్తుందని ప్రధాని నెహ్రూ హామీ ఇవ్వగా ఉపసంహరించుకున్నారు. ఆ హామీ ఫలితమే 1960 నాటి చట్టం. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. అంత గొప్ప ప్రయత్నానికి దక్కిన శిక్ష ఏమిటంటే, మొదటి నేరానికి పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు జరిమానా! ఆనాడు అది కొంత సొమ్మే. ఈనాడు వేలు పలికే కూనను అమ్మేవారికి అది ఆటో కిరాయి. శిక్షలు చాలవని, చట్టాన్ని సవరించాలని సుప్రీంకోర్టు 2014లో జల్లికట్టు తీర్పులోనే చెప్పింది. 2022 నవంబరులో కేంద్రం సవరణ ముసాయిదాను ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది.

కుక్కల పెంపకందార్లకు 2017లో ప్రత్యేక నియమావళి వచ్చింది. నమోదు తప్పనిసరి, ఆడకుక్కకు 18 నెలలు నిండాలి, ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో ఐదు, ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మరాదు. పిల్లికి ఇటువంటిదేదీ లేదు. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాలలో పిల్లి పేరు ఉన్న మాట నిజమే. కాని అవి దుకాణం కోసం రాసినవి. బోర్డు లేని ఇంటి వెనుకగదిని దుకాణమని నిరూపించబోయే ఇన్‌స్పెక్టరు ఎవరు? పొరుగున ఉన్న నోయిడాలో 2023 జనవరి 31 గడువుగా పెంపుడు పిల్లులకూ నమోదు విధించారు. అది కొన్నవారి మీద పెట్టిన బాధ్యత. కనించి అమ్మేవారిని ఎవరూ అడగలేదు.

వ్యాపారాన్ని నిషేధించమనడం తేలిక; నిషేధిస్తే వెనుకగది మరింత వెనక్కు పోతుంది. కుక్కల నియమావళి పరిధిలోకి పిల్లిని కూడా తెచ్చి, పశువైద్యుడి ధ్రువపత్రం, తల్లి నమోదు సంఖ్య లేకుండా కూన చేతులు మారరాదంటే చాలావరకు దారికి వస్తుందని నా అభిప్రాయం. దీనికి పార్లమెంటు కూడా అక్కరలేదు. 1960 చట్టంలోని 38వ విభాగం కింద కేంద్రమే నియమాలు చేయవచ్చు. 2017లో కుక్కల కోసం చేసింది ఆ విధంగానే.