సబ్జెక్టు పోయిందని ఇంట్లో చెప్పగలుగుతున్నారా?

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లలు చాలామందికి మొదటి సెమిస్టర్ పాఠాలు సగం అర్థం కావు. ఒకటి రెండు సబ్జెక్టులు పోతాయి. వాటిని సప్లిమెంటరీలో మళ్లీ రాసుకోవచ్చు. అసలు ప్రమాదం ఇంట్లో చెప్పకుండా దాచుకోవడంలో ఉంది.

దానియేలుకు కూడా బబులోనులో కల్దీయుల భాష, విద్య నేర్వడానికి మూడేళ్ల గడువు పెట్టారు. పక్కన ముగ్గురు స్నేహితులున్నారు. మన సంఘాల్లోనేమో పాసైనవారి సాక్ష్యాలే వింటాం. తప్పినవాళ్లు వెనక వరుసలో కూర్చుని ఇది గమనిస్తూనే ఉంటారు.

సెలవులకు వచ్చిన పిల్లల్ని మార్కుల కంటే ముందు నిద్ర పడుతోందా, ఎవరితో కలిసి భోంచేస్తున్నారు అని అడగండి. బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకండి. ప్రార్థన చేయండి, వెంటనే 14416 టెలీ మానస్‌కు ఫోన్ కూడా చేయించండి. ఉచితం, అర్ధరాత్రయినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.