క్షమకు హద్దు ఏది? ద్రౌపదీదేవి చూపిన మార్గము



మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల భక్తులకు భారతకథ క్రొత్త కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలో ధర్మరాజులవారి ఆలయములున్న ఊళ్ళలో 18 దినములు భారతము చెప్పించుట ఆచారము. పగలు హరికథ, రాత్రి వీథినాటకము. ముగింపున మట్టితో చేసిన దుర్యోధనుని బొమ్మపై భీమ వేషధారి గద మోపును; ద్రౌపది కురులు ముడుచుకొనును; భక్తులు అగ్నిగుండము త్రొక్కుదురు. ఆ ఘట్టమును చూచి ఆమెను పగ తీర్చుకొన్న స్త్రీగా మాత్రమే తలచువారు పెక్కురు. ఆమె క్షమను తలచువారు తక్కువ.

నమ్మినవారే ద్రోహము చేసినప్పుడు క్షమింపవలెనా, దండింపవలెనా యని గృహస్థులు మమ్ము అడుగుచుందురు. బలిచక్రవర్తి తన తాతయగు ప్రహ్లాదుని ఇదే అడిగెనని అరణ్యపర్వమున ద్రౌపదియే ధర్మరాజునకు చెప్పెను. ప్రహ్లాదుని తీర్పు ఇది: ఎల్లవేళల తేజస్సు తగదు, ఎల్లవేళల క్షమయు తగదు. పూర్వము ఉపకారము చేసినవాని తప్పు పెద్దదైనను క్షమింపదగును. తెలియక చేసినదానిని విచారించి క్షమింపవలెను. ఎవరిదైనను మొదటి తప్పు క్షంతవ్యము; రెండవది స్వల్పమైనను దండనార్హము. తెలిసి చేసి, తెలియదని బొంకువానికి క్షమ లేదు.

ఈ మాటకు ఆమె జీవితమే వ్యాఖ్యానము. ప్రేమించిన భర్తయే ఆమెను జూదమున పణమొడ్డెను. ముందుగా తన్ను తాను ఓడినవానికి భార్యను ఒడ్డు అధికారము కలదా యని ఆమె నిండుసభను ప్రశ్నించెను. భీష్ముడు సైతము తేల్చి చెప్పలేకపోయెను. పిదప ధృతరాష్ట్రుడు వరమిచ్చినప్పుడు ఆమె మొదట కోరినది ఆ ధర్మరాజు దాస్యవిముక్తినే. రెండవ వరమున తక్కిన నలుగురిని విడిపించెను. మూడవది వలదనెను. భర్తను కాపాడెను గాని, తన ప్రశ్నను మాత్రము వెనుకకు తీసికొనలేదు. క్షమించుట యనగా తప్పును ఒప్పనుట కాదు.

భాగవత ప్రథమస్కంధమున మరియొక ఘట్టమున్నది. నిద్రించుచున్న తన 5గురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చెను. భీముడు చంపుమనెను. ద్రౌపదియో, గురుపుత్రుని విడువుమనెను. తనవలె అతని తల్లి కృపి పుత్రశోకమున ఏడ్వరాదనెను. అయినను అతడు ఊరక పోలేదు. శిరోజములు ఖండించి, శిరోమణిని గైకొని, శిబిరమునుండి వెడలగొట్టిరి. ప్రాణము నిలిచెను, దండనయు జరిగెను.

విడువుమని ఆమెను ఎవరును నిర్బంధింపలేదు. ఇది మనము గ్రహింపవలసిన సూక్ష్మము. క్షమ గాయపడినవారి సొత్తు. ఇతరులు అడిగి వసూలు చేయు అప్పు కాదు. ఇంట కోడలికి ద్రోహము జరిగినప్పుడు "భూదేవివలె ఓర్చుకొనుము" అని ముందుగా ఆమెకు చెప్పు పెద్దలు ధర్మమును తలక్రిందులు చేయుచున్నారు. మొదట తప్పు చేసినవానిని నిలిపి అడుగవలెను. అతడు తప్పు ఒప్పుకొని, నడత దిద్దుకొనవలెను. అటుపిమ్మట ఆమె క్షమించినచో అది ఆ యింటికి వరము. క్షమింపనిచో ఆమెను నిందింప ఎవరికిని అధికారము లేదు.

శుభం భూయాత్.