లోక్‌సభ సభ్యుని ఏడు దినములు

ఓటరు తన పార్లమెంటు సభ్యుని రెండు ప్రశ్నలు అడుగును. "మా ఊరికి మీరేమి చేసితిరి?" అనునది మొదటిది. "దేశమునకు ఏమి చేసితిరి?" అనునది రెండవది. మొదటి ప్రశ్న రచ్చబండ యొద్దను, ఎన్నికల సభలయందును బిగ్గరగా వినవచ్చుచుండును. రెండవది తరచుగా పాఠశాలలోని పౌరశాస్త్ర గ్రంథమునందే మిగిలిపోవుచున్నది.

రాజ్యాంగము చెప్పునది ఏమి? పార్లమెంటు శాసనములు చేయవలెను. పన్నులకును, ప్రభుత్వ వ్యయమునకును అనుమతి ఈయవలెను. మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహింపవలెను. రోడ్డు వేయించుట, వంతెన కట్టించుట, బడికి గది నిర్మించుట సభ్యుని విధులని అందెచ్చటను లేదు. అయినను ఆ పనులను పట్టించుకొనని సభ్యుడు మరల గెలుచుట కష్టము. ఈ రెండు బాధ్యతల నడుమ ఆతని వారము ఎట్లు గడచునో పరిశీలించినచో మన ప్రజాస్వామ్యము యొక్క బలమును, లోపమును కూడ తెలియవచ్చును.

ప్రశ్నల గంట

సమావేశములు జరుగు కాలమున లోక్‌సభ సాధారణముగా సోమవారము మొదలు శుక్రవారము వరకు కూర్చుండును. ఉదయము 11 గంటలకు మొదటి కార్యక్రమము ప్రశ్నోత్తరములు. మంత్రిత్వశాఖలన్నియు ఐదు వర్గములుగా విభజింపబడి, ఒక్కొక్క వర్గమునకు వారములో ఒక్కొక్క దినము కేటాయింపబడినది. రైల్వేలను గూర్చి అడుగదలచిన సభ్యుడు రైల్వేల దినమునకై వేచియుండవలెను. అంతేకాదు, పదునైదు దినములు ముందుగా నోటీసు ఈయవలెను. చాలమంది సభ్యులు నోటీసు లిత్తురు కనుక ఎవరి ప్రశ్న ముందు రావలెనో లాటరీ తేల్చును.

ప్రశ్నలలో ముఖ్యముగా రెండు తెగలున్నవి. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నిలిచి నోటితో జవాబు చెప్పును. అట్టివి దినమునకు ఇరువది మాత్రమే. గుర్తు లేని ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా జవాబు వచ్చును. అవి దినమునకు 230 వరకు ఉండవచ్చును. నక్షత్రపు ప్రశ్న యొక్క బలము ఆ ప్రశ్నలో కంటె దాని వెంట వచ్చు అనుబంధ ప్రశ్నలలో ఎక్కువగా ఉన్నది. మొదటి జవాబును శాఖలోని అధికారులు సిద్ధపరచి యిత్తురు. అనుబంధ ప్రశ్న ఏ దిక్కునుండి వచ్చునో ముందుగా తెలియదు. అప్పుడు మంత్రికి తన శాఖ ఎంత తెలియునో సభకు తెలియును.

ప్రశ్నకు మరియొక గుణము కలదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిషేధ శాసనము పిమ్మట, ఓటు వేయునపుడు సభ్యుడు తన పార్టీ విప్‌ను ధిక్కరించినచో సభ్యత్వమునే పోగొట్టుకొనవచ్చును. ప్రశ్న అడుగుటకు ఈ భయము లేదు. పాలక పక్షమునకు చెందిన సభ్యుడు కూడ తన ప్రభుత్వమునే నిలదీసి అడుగవచ్చును.

అట్లు అడిగినవారిలో ఫిరోజ్ గాంధీ ముఖ్యుడు. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ ప్రతినిధి, పాలక కాంగ్రెసు సభ్యుడు, ప్రధానమంత్రి నెహ్రూకు అల్లుడు. 1956లో జీవిత బీమా వ్యాపారమును జాతీయము చేసి జీవిత బీమా సంస్థను నెలకొల్పిరి. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ హరిదాస్ ముంధ్రా అను వ్యాపారి యొక్క ఆరు కంపెనీల వాటాలలో సుమారు ఒక కోటి ఇరువదినాలుగు లక్షల రూపాయలు పెట్టెను. పాలసీదారుల సొమ్ము ఇట్లు ఏల వినియోగపడెనని 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ సభలో నిలదీసెను. ప్రభుత్వము బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లాను విచారణకు నియమించెను. విచారణ బహిరంగముగా జరిగెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేసెను. పాలక పక్షపు సభ్యుడొకడు తన పక్షపు మంత్రినే జవాబుదారిని చేసిన ఘట్టమిది.

ఊరి కోరిక, దేశపు మాట

పండ్రెండు గంటల ప్రాంతమున జీరో అవరు వచ్చును. సభా నియమావళిలో ఆ పేరు లేదు. అది ఆచారముచేత ఏర్పడినది. అత్యవసర విషయములను సభ్యులు అందు క్లుప్తముగా లేవనెత్తుదురు. దీర్ఘమైన నోటీసు అక్కరలేని విషయములకు 377వ నియమము క్రింద మరియొక అవకాశము కలదు. రైలు ఆగని స్టేషను, గిట్టుబాటు ధర లేని పంట, ఉప్పునీటి బావులు, మూతపడిన మిల్లు, ఇవన్నియు ఈ మార్గముననే ఢిల్లీకి చేరును. స్థానిక విషయము జాతీయ సభలో ప్రవేశించు ద్వారమిది.

స్థానిక విషయము చిన్నదని తలచుట పొరపాటు. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము కావలెనని 1966లో ఆంధ్రదేశమంతట ఉద్యమము చెలరేగెను. కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ ఉద్యమ నాయకులలో నొకరైన తెన్నేటి విశ్వనాథము 1967లో విశాఖపట్టణము నుండి స్వతంత్రుడుగా లోక్‌సభకు ఎన్నికయ్యెను. 1970 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు కర్మాగారమును ప్రకటించినపుడు, సేలము, హోస్పేటలకును చెరియొకటి ప్రకటింపబడెను. 1971 జనవరి 20వ తేదీన విశాఖలో శంకుస్థాపన జరిగెను. ఒక రేవుపట్టణపు కోరిక దక్షిణ భారతమున ఉక్కు పరిశ్రమ ఎచ్చట ఉండవలెనను జాతీయ విధానముగా పరిణమించినది.

శుక్రవారపు మధ్యాహ్నము

వారమున తక్కిన కాలమంతయు ప్రభుత్వపు పనికి పోవును. శుక్రవారము చివరి రెండున్నర గంటలు మాత్రము మంత్రులు కాని సభ్యులవి. ఒక శుక్రవారము వారి బిల్లులును, మరియొక శుక్రవారము వారి తీర్మానములును చర్చకు వచ్చును. శాసనకర్త అను పేరు సార్థకమగు సమయమిదియే.

ఈ వేళలో పుట్టిన శాసనముల విలువకు దినపత్రికయే సాక్ష్యము. పార్లమెంటులో జరిగిన చర్చను ఉన్నదున్నట్లు దురుద్దేశము లేక ప్రకటించిన పత్రికపై వ్యాజ్యము చెల్లదని 1956లో ఒక శాసనము వచ్చెను. ఆ బిల్లును ప్రతిపాదించినవాడు ఫిరోజ్ గాంధీయే. అత్యవసర పరిస్థితి కాలమున ఆ శాసనమును రద్దుచేసిరి. 1977లో దానిని పునరుద్ధరించిరి. 1978 నాటి 44వ సవరణ ఈ రక్షణకు రాజ్యాంగములోనే చోటు కల్పించినది. సభలో ఏమి జరిగినదో పాఠకుడు నేడు నిర్భయముగా ముద్రింపబడిన వార్తలో చదువుచున్నాడన్నచో, ఒక సామాన్య సభ్యుడు ప్రతిపాదించిన బిల్లునకు అందు భాగము కలదు.

కాని ఇట్టి ఫలములు మిక్కిలి అరుదు. స్వాతంత్ర్యానంతరము ఉభయ సభలును ఆమోదించి శాసనములైన అనధికార బిల్లులు పదునాలుగు మాత్రమే. వానిలో చివరిది 1970లో వచ్చినది. దాని పిమ్మట 2015 ఏప్రిల్ 24న, అదియు ఒక శుక్రవారమే, ట్రాన్స్‌జెండరు వ్యక్తుల హక్కులపై తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ ప్రతిపాదించిన బిల్లును రాజ్యసభ ఆమోదించెను. లోక్‌సభలో అది శాసనము కాలేదు. అయినను ఆ విషయమును ప్రభుత్వము తప్పించుకొనలేకపోయెను. 2019లో ప్రభుత్వమే తన బిల్లును తెచ్చి శాసనము చేసెను. అనధికార బిల్లు ఓడిపోయినను, అది లేవనెత్తిన ప్రశ్న బ్రతికియుండునని దీనివలన తెలియుచున్నది.

శుక్రవారపు మధ్యాహ్నమునకు పెద్ద శత్రువు సభ్యుని ప్రయాణమే. శని ఆదివారములు నియోజకవర్గములో గడుపదలచిన సభ్యుడు ఆ వేళకే ఢిల్లీ విడుచును. లోక్‌సభ నడచుటకు సభ్యుల సంఖ్యలో పదియవ వంతు, అనగా 55 మంది, ఉండవలెను. తమకై కేటాయించిన రెండున్నర గంటలలోనే సభ్యుల బల్లలు ఖాళీగా కానవచ్చును. దీనికి సభ్యుని ఒక్కనినే నిందించుట న్యాయము కాదు. శుక్రవారము సభలో కూర్చున్నందుకు ఏ ఊరిలోను స్వాగత ద్వారము కట్టరు. శనివారము పెండ్లికి రానిచో మాత్రము తప్పక తలచుకొందురు.

ఐదు కోట్ల లెక్క

నియోజకవర్గములో శనివారము తెల్లవారకముందే గుమ్మము నిండును. ఒకరికి పింఛను ఆగినది. ఒకరికి ఆసుపత్రి ఖర్చునకు సిఫారసు కావలెను. ఒక ఊరికి తాగునీటి గొట్టము కావలెను. ఒక పాఠశాలకు ప్రహరిగోడ కావలెను. ఈ అర్జీలలో అనేకము పంచాయతీ, మండలము, రాష్ట్ర ప్రభుత్వము తీర్పవలసినవి. ఐనను జనులు ఎదుట కనబడినవానినే అడుగుదురు.

ఇట్టి పనులకై 1993 డిసెంబరు 23న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు పార్లమెంటు సభ్యుల స్థానికాభివృద్ధి పథకమును ప్రకటించెను. ఆయన అప్పుడు నంద్యాల ప్రతినిధి. మొదటి సంవత్సరము సభ్యునికి 5 లక్షల రూపాయలు. 1994-95లో ఒక కోటి. 1998-99లో రెండు కోట్లు. 2011-12 నుండి ఐదు కోట్లు. సభ్యుడు పనిని సిఫారసు చేయును. మంజూరు చేయించి పని నడిపించునది జిల్లా యంత్రాంగము. ప్రజలకు ఉమ్మడిగా ఉపయోగపడి చిరకాలము నిలుచు పనులకే ఈ సొమ్ము వాడవలెను. అందు నూటికి 15 వంతులు షెడ్యూల్డు కులములవారు నివసించు ప్రాంతములకును, ఏడున్నర వంతులు షెడ్యూల్డు తెగల ప్రాంతములకును వినియోగింపవలెను.

ఈ సొమ్ము ఎంత? ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణములోను ఒక్కొక్క లోక్‌సభ స్థానములో ఏడేసి శాసనసభ స్థానములున్నవి. ఐదు కోట్లను ఏడిటికి పంచినచో ఒక్కొక్క దానికి డెబ్బదియొక లక్షలు వచ్చును. నియోజకవర్గములో పదునేడు లక్షల మంది ఓటర్లున్నారనుకొన్నచో తలకు ముప్పది రూపాయలైనను రాదు. బడి గదికి, బస్సు నీడకు ఇది చాలును. రేవునకు, రైలుమార్గమునకు, సాగునీటి ప్రాజెక్టునకు చాలదు. అవి బడ్జెటునుండి రావలెను. బడ్జెటుపై మాట చెల్లునది లోక్‌సభలోనే. చిన్న సంచిని పంచుటలోనే వారమంతయు గడిపిన ప్రతినిధి, పెద్ద ఖజానా తలుపు తట్టుటకు కాలము మిగుల్చుకొనడు.

ఈ పథకముపై మరియొక ఆక్షేపణ కలదు. ప్రభుత్వము వ్యయము చేయును. పార్లమెంటు దానిని తనిఖీ చేయును. తనిఖీ చేయవలసినవాడే పనులను ఎన్నుకొన్నచో తనిఖీ బలహీనమగునని కొందరు వాదించిరి. 2010లో సుప్రీంకోర్టు ఈ పథకము రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పినది. న్యాయస్థానములో ప్రశ్న ముగిసినది. ఓటరు మనస్సులో ముగియవలసియున్నది. సభ్యుని అధ్యక్షతన జరుగు జిల్లా "దిశ" కమిటీని 2016 నుండి ఏర్పాటు చేసిరి. కేంద్ర పథకములు జిల్లాలో ఎట్లు అమలగుచున్నవో ఆతడు అచ్చట అధికారులను అడుగవచ్చును. అచ్చట తెలిసిన లోపమును సోమవారము ప్రశ్నగా మార్చినచో శనివారపు పని ఢిల్లీ పనికి అడ్డు రాదు. అదియే దానికి ముడిసరుకగును.

తరిగిపోవుచున్న వారములు

ఇంతవరకు చెప్పిన వారము సమావేశముల కాలపు వారము. అట్టి వారములు ఏటికెన్ని? మొదటి లోక్‌సభ సగటున సంవత్సరమునకు 135 దినములు కూర్చున్నది. అనగా ఇరువదియేడు వారములు. 2019 నుండి 2024 వరకు నడచిన 17వ లోక్‌సభ ఐదేండ్లలో 274 దినములు మాత్రమే కూర్చున్నది. ఏటికి ఏబదియైదు దినములు, పదునొకండు వారములు. తక్కిన కాలమున స్థాయీ సంఘములు పనిచేయుచుండుట నిజమే. ఇరువదినాలుగు సంఘములలో ఒక్కొక్కదానియందు ఉభయ సభలకు చెందిన ముప్పదియొకరు కూర్చుండి శాఖల పద్దులను, బిల్లులను పరిశీలింతురు. కాని సంఘపు గదిలోనికి పత్రికలవారికి ప్రవేశము లేదు. ప్రజలు చూచుచుండగా మంత్రిని అడుగుటకు సభయే చోటు. ఆ దినములు తరిగినచో ప్రశ్నలును, శుక్రవారములును తరుగును.

ప్రతినిధి ఎట్టివాడు కావలెనన్నది కడకు అడుగువారిని బట్టి యుండును. పాఠశాలకు గది కట్టించిన సభ్యుని పేరు గోడపై శిలాఫలకమున ఉండును. విద్యార్థులు నిత్యము దానిని చూచుచుందురు. ఆ సభ్యుడే విద్యను గూర్చి అడిగిన ప్రశ్నయు, దానికి మంత్రి చెప్పిన జవాబును లోక్‌సభ వెబ్‌సైటులో ఎల్లరకు అందుబాటులో నున్నవి. ఉపాధ్యాయులు పౌరశాస్త్రము చెప్పునపుడు ఒక సమావేశకాలపు ప్రశ్నలను తరగతికి తెచ్చి చదివించినచో విద్యార్థులకు రెండు సంగతులు బోధపడును. మన ప్రతినిధి ఏమి అడిగెను? అడుగవలసినది ఏమి మిగిలినది? ఈ రెండవ ప్రశ్నను అడుగ నేర్చిన విద్యార్థి ఓటరైన నాడు, గెలిచినవారు శుక్రవారపు రైలును కొంత ఆలస్యముగా ఎక్కుదురు.