టమాటా తోటలో ఇంజనీరింగు పాఠం

ఎంకపల్లి దగ్గర ఒక ఎకరం టమాటా తోట ఉందనుకోండి. బోరుబావిలో నీళ్లు 60 మీటర్ల లోతున ఉన్నాయి. వేసవిలో తోట ఎండకూడదు, బోరూ వట్టిపోకూడదు. ఈ సమస్య ఏ శాస్త్రానికి చెందుతుంది? భౌతికశాస్త్రానికా, వృక్షశాస్త్రానికా, లెక్కలకా? అన్నింటికీ!

బడిలో ఉన్నట్లు సమస్యలకు పీరియడ్లు ఉండవు. అందుకే కొన్ని ఇంజనీరింగు కళాశాలల్లో వేర్వేరు శాఖల విద్యార్థులను ఒక జట్టుగా చేర్చి, నిజమైన సమస్య ఒకటి అప్పగిస్తారు. దాన్ని సాధిస్తూనే పాఠం నేర్చుకోవాలి. డెన్మార్కులో 1974లో ప్రారంభమైన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఈ పద్ధతికి పేరు పొందింది.

అయితే నలుగురూ పనిని నాలుగు ముక్కలు చేసుకొని, చివర కలిపి కుట్టేస్తే అది ప్రాజెక్టు కాదు. ఒకరి జవాబు మరొకరికి ప్రశ్న కావాలి. అదెలాగో మన తోటలోనే చూద్దాం.

ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. చదరపు మీటరు నేల మీద 1 మిల్లీమీటరు మందాన నీరు నిలిస్తే అది 1 లీటరు. పంటకు రోజుకు 4 మిల్లీమీటర్లు కావాలనుకుంటే మొత్తం సుమారు 16,000 లీటర్లు. ఇది మొక్కల సంగతి తెలిసినవారి లెక్క.

లీటరు నీటి బరువు 1 కిలో. అన్ని నీళ్లను 60 మీటర్లు పైకెత్తడానికి 16,000 × 9.8 × 60, అంటే సుమారు 94 లక్షల జౌళ్ల శక్తి కావాలి. విద్యుత్ యూనిట్లలో చెబితే 2.6. మోటారు, పంపు కలిసి తీసుకున్న శక్తిలో నూటికి 40 పాళ్లే పనికి తెస్తే 6.5 యూనిట్లు కావాలి. ఇది మెకానికల్ విద్యార్థి లెక్క.

1 కిలోవాటు సౌరఫలకాలు రోజుకు 4 యూనిట్లు ఇస్తే, ఇక్కడ సుమారు 1.6 కిలోవాట్ల ఫలకాలు కావాలి. ఇది ఎలక్ట్రికల్ విద్యార్థి లెక్క.

ఇప్పుడు కంప్యూటరు విద్యార్థి మట్టిలో తేమను కొలిచే పరికరం అమర్చి, అవసరమైనప్పుడే నీరు వదిలే ఏర్పాటు చేశాడు. 3 మిల్లీమీటర్లే చాలాయనుకోండి. నీరు 12,000 లీటర్లకు, విద్యుత్తు 4.9 యూనిట్లకు, ఫలకాలు 1.2 కిలోవాట్లకు దిగుతాయి. బోరులో రోజుకు 4,000 లీటర్లు మిగులుతాయి. కాని ఆ పరికరం తప్పు చూపితే పంట ఎండుతుంది, నష్టం రైతుది. కనుక రైతు మాట వినడం కూడా ఇంజనీరింగులో భాగమే.

ఇలాంటి ప్రాజెక్టును రూపొందించే ఉపాధ్యాయుడు మూడు సంగతులు చూసుకోవాలి. సమస్య ఒక్క శాఖతో తేలేది కాకూడదు. ఏది సాధిస్తే గెలిచినట్లో మొదటే అంకెల్లో చెప్పాలి. పరీక్షలో ఎలక్ట్రికల్ విద్యార్థిని మట్టి గురించీ, కంప్యూటరు విద్యార్థిని పంపు గురించీ అడగాలి. అప్పుడే జట్టంతా నేర్చుకున్నదో లేదో తెలుస్తుంది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య నది గట్లను మాత్రమే చూసి ఊరుకోలేదు. ఎగువన పడే వానను, నీరు వచ్చే దారులను, నగరపు మురుగునీటి పారుదలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. మొయినాబాదు ప్రాంతపు వాననీరు చేరేది ఈ జలాశయాలకే.

మీరూ చేసి చూడండి. మీ బడి కప్పు పొడవు, వెడల్పు కొలవండి. 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని లీటర్లు వస్తాయి? ఆ నీటిని పట్టి ఉంచే తొట్టి ఎంత ఉండాలి? ఆ నీటితో ఎన్ని మొక్కలు పెంచవచ్చు? నలుగురు కలిసి లెక్క తేల్చండి.